అరుదైన అడ్వెంచర్ బండి: ఇంజన్ ఎవరిది, స్పేర్లు ఎక్కడివి?

మధ్యతరహా అడ్వెంచర్ బండి కొనాలనుకునేవాళ్లకు మన దగ్గర సులువైన సమాధానం ఒకటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 కొనుక్కుని మిగిలిన డబ్బుతో తిరగడం. 452 సీసీ ఇంజన్, 40 హార్స్‌పవర్, 196 కిలోల బరువు, 17 లీటర్ల ట్యాంకు. 2023 నవంబరులో వచ్చినప్పుడు ప్రారంభ ధర 2.69 లక్షలు. చిన్నపాటి పట్నంలో కూడా దాన్ని విప్పి చూసిన మెకానిక్ దొరుకుతాడు. ఈ సమాధానంతో తృప్తిపడేవాళ్లకు ఈ వ్యాసంతో పనిలేదు. కేటీఎం 390 అడ్వెంచర్, హోండా ఎన్‌ఎక్స్500 దగ్గర ఆగేవాళ్లకూ పెద్దగా లేదు. వాటి మంచిచెడ్డలు చెప్పేవాళ్లు వీధికొకరున్నారు.

చిక్కంతా ఇంకోరకం మనుషులది. రెండు సిలిండర్లు కావాలి, కానీ తొమ్మిది పది లక్షలు పెట్టలేరు. లేదా పెట్టగలరు, కానీ టోల్‌గేటు దగ్గర పక్కన ఆగిన బండి తమ బండిలాగే ఉండటం ఇష్టముండదు. అలాంటివాళ్ల కళ్లు బెనెల్లి మీదికీ, మోటో మోరిని మీదికీ, ఎస్‌డబ్ల్యూఎం లాంటి ఎవరూ వినని పేర్ల మీదికీ పోతాయి. చూడగానే మనసు పారేసుకునే బండ్లే అవి. ఆ తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు: "బాగానే ఉంది గానీ అన్నా, నమ్మొచ్చా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఇంజన్ దగ్గరే ఆగిపోతారు. లక్ష కిలోమీటర్లు తిరుగుతుందా, హెడ్ విప్పాల్సి వస్తుందా అని. నా లెక్కలో అది మూడింట్లో ఒక వంతు ప్రశ్న. రెండోది, చిన్నచిన్న సామాన్లు ఎంత తరచుగా పోతాయన్నది. మూడోది, పోయినప్పుడు బండి షెడ్డులో ఎన్నాళ్లు పడుంటుందన్నది. పెద్ద కంపెనీ బండి విషయంలో మూడోదాన్ని ఎవరూ అడగరు, అడగాల్సిన అవసరం రాదు గనక. అరుదైన బ్రాండు విషయంలో మొదట అడగాల్సింది అదే. వందరూపాయల సీలు కోసం రెండు నెలలు ఆగిన బండిని, ఇంజన్ ఎంత గట్టిదైనా, నమ్మదగిన బండి అనలేం.

అయితే ఇంజన్ సంగతి కూడా తేలిగ్గా తీసేసేది కాదు. చిన్న కంపెనీల్లో సొంతంగా ఇంజన్ చేసుకునేవి తక్కువ. డిజైనుకూ, అచ్చులకూ, పొగ పరీక్షలకూ అయ్యే ఖర్చు ఏటా కొద్ది వేల బండ్లు అమ్మేవాళ్లకు గిట్టుబాటు కాదు. అందుకని ఎవరిదో ఇంజన్ తెచ్చుకుని చుట్టూ ఫ్రేము, సస్పెన్షను, ట్యాంకు కట్టుకుంటాయి. సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు ఎంత గొప్పదైనా మేనమామలెవరని ఆరా తీసినట్టు, ఇలాంటి బండికి ట్యాంకు మీది పేరు కన్నా ముందు ఇంజన్ పుట్టిల్లు అడగాలి.

ఎస్‌డబ్ల్యూఎం కథే చూడండి. ఇటలీలో వరేసే దగ్గర బియాండ్రోన్నోలో హస్క్‌వర్నా ఫ్యాక్టరీ ఉండేది. ఆ బ్రాండును 2007లో బీఎండబ్ల్యూ కొన్నది. 2013లో దాన్ని అప్పటి కేటీఎం అధినేత స్టెఫాన్ పియరర్ సంస్థకు అమ్మేసింది. పేరు ఆస్ట్రియాకు వెళ్లిపోయింది, ఫ్యాక్టరీ ఇటలీలో మిగిలిపోయింది. 1971లో పుట్టి 1984లో మూతపడ్డ ఎస్‌డబ్ల్యూఎం అనే పాత పేరును 2014లో ఆంపేలియో మాక్కీ అనే ఇంజనీరు, చైనాకు చెందిన షినెరే గ్రూపు పెట్టుబడితో, అదే ఫ్యాక్టరీలో మళ్లీ నిలబెట్టాడు. హస్క్‌వర్నా 630 నుంచి దిగిన 600 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజన్ అలా ఎస్‌డబ్ల్యూఎం సూపర్‌డ్యుయల్ లోపలికి చేరింది. పోర్చుగల్‌లో తయారయ్యే ఏజేపీ పీఆర్7లో ఉన్నదీ ఈ కుదురుదే. ఇంగ్లండులో సీసీఎం తన స్పిట్‌ఫైర్ బండ్లకు తెచ్చుకున్నదీ ఇదే.

ఇందులో కొనేవాడికి పనికొచ్చే సంగతి ఒకటుంది. మూడు దేశాల్లో మూడు పేర్లతో తిరిగే ఇంజన్‌కు ఎక్కడో ఒకచోట పిస్టన్ రింగులు దొరుకుతాయి, సర్వీసు మాన్యువల్ దొరుకుతుంది, దాని జబ్బులేమిటో తెలిసినవాడు దొరుకుతాడు. ఒకే ఒక్క మోడల్‌లో ఉండే ఇంజన్‌కు ఈ బంధుబలగం ఉండదు.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. బోల్టన్‌లోని సీసీఎం 2014లో జీపీ450 అనే అడ్వెంచర్ బండి తెచ్చింది. జిగురుతో అతికించిన అల్యూమినియం ఫ్రేము, పెట్రోలు పోయకముందు 125 కిలోల ప్రాంతంలో బరువు. కాగితం మీద ఇంత అందమైన అడ్వెంచర్ బండి ఆ రోజుల్లో ఇంకోటి లేదు. ఇంజన్ మాత్రం బీఎండబ్ల్యూ జీ450ఎక్స్ అనే ఎండ్యూరో బండిది, బీఎండబ్ల్యూ కోసం తైవాన్‌లో కిమ్‌కో తయారుచేసినది. జీపీ450 వచ్చేనాటికే బీఎండబ్ల్యూ ఆ బండిని ఆపేసింది. పుట్టింటివాళ్లు తలుపులు మూసుకున్నాక ఆ ఇంజన్ మంచిచెడ్డలన్నీ చిన్న కంపెనీ మీదే పడతాయి. కాబట్టి ఇంజన్ ఎవరిదన్నదానికి తోడు, ఆ ఎవరో ఇవాళ కూడా దాన్ని తయారుచేస్తున్నారా అన్నది అడగాలి. పోటీల కోసం చేసిన ఇంజన్‌ను ప్రయాణాల బండిలో పెడితే ఆయిలు మార్చే గడువు కూడా దగ్గరపడుతుందని మర్చిపోకూడదు.

మోటో మోరిని ఎక్స్-కేప్ 650 దీనికి మంచి వైపు ఉదాహరణ. 1937లో బొలోన్యాలో అల్ఫోన్సో మోరిని పెట్టిన కంపెనీ ఎన్నో చేతులు మారి, 2018లో చైనాకు చెందిన ఝోంగ్‌నెంగ్ చేతికి వచ్చింది. ఎక్స్-కేప్‌లోని 649 సీసీ రెండు సిలిండర్ల ఇంజన్ సీఎఫ్‌మోటో తయారుచేసేది. బోరు 83 మిల్లీమీటర్లు, స్ట్రోకు 60. కవాసాకీ 650 కొలతలూ ఇవే, పోలిక చూసినవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. సీఎఫ్‌మోటో ఈ ఇంజన్‌ను ఏళ్ల తరబడి తన సొంత బండ్లలో వాడుతోంది. అంటే లోపాలు చాలావరకు వేరేవాళ్ల ఖర్చు మీద బయటపడి ఉంటాయి. అలాగని కవాసాకీ సామాన్లు దీనికి సరిపోతాయని అనుకోవడం పొరపాటు. కొలత ఒకటే అయినంత మాత్రాన గాస్కెట్ ఒకటవదు.

ఇంజన్ లోపలి ఇనుము బాగానే ఉండి, దాని చుట్టూ ఉన్న వైర్లు ఇబ్బంది పెట్టడం ఇలాంటి బండ్లలో మామూలు. అరువు ఇంజన్‌కు ఈసీయూ ట్యూనింగు, వైరింగు, కూలింగు, ఎగ్జాస్టు కొత్తగా చేసుకుంటారు. తక్కువ మంది ఇంజనీర్లు, తక్కువ పరీక్షలు, ఐరోపా చలిలో చేసినవి. మే నెలలో కర్నూలు హైవే మీదో, నగరంలో సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూనో అసలు పరీక్ష జరుగుతుంది. ఇంజన్ కన్నా ముందు నేను అనుమానించేవి రేడియేటర్ ఫ్యాను, దాని రిలే, రెగ్యులేటర్-రెక్టిఫయర్, ఫ్యూయల్ పంపు, సైడ్ స్టాండు స్విచ్చి.

ఇక దిగుమతిదారు సంగతి. వారంటీ కాగితం మీద నిలబడాల్సింది ఇటలీవాడో చైనావాడో కాదు, ఇక్కడ బండి అమ్మినవాడు. మన దేశంలో ఈ రంగం చరిత్ర చదివితే ధైర్యం కొంచెం తగ్గుతుంది. కొరియా కంపెనీ హ్యోసంగ్ గర్వారే మోటార్స్ ద్వారా వచ్చింది, తర్వాత పుణెకు చెందిన డీఎస్‌కేకి మారింది, 2018లో కైనెటిక్ వాళ్ల మోటోరాయల్‌కు వెళ్లింది. ఒకే బ్రాండు, మూడు చేతులు. బెనెల్లి 2015లో అదే డీఎస్‌కేతో మొదలైంది. 2018లో ఆ గ్రూపు ఆర్థికంగా కుప్పకూలింది. ఇటలీలో ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది, చైనాలో మాతృసంస్థ బ్రహ్మాండంగా ఉంది, ఇక్కడ మాత్రం బండి ఉన్నవాళ్లకు దిక్కుతోచలేదు. బండి తప్పేమీ లేదు, తప్పంతా మధ్యవాడి పద్దులది.

ఎస్‌డబ్ల్యూఎం సూపర్‌డ్యుయల్ టీ కూడా 2018లోనే మోటోరాయల్ ద్వారా ఆరున్నర లక్షల ప్రాంతంలో మన దగ్గరికి వచ్చింది. పైన చెప్పిన గట్టి వంశం దానిదే. కానీ 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 నిబంధనలు వచ్చాయి. కొద్దిపాటి అమ్మకాల కోసం ప్రతి మోడల్‌నూ కొత్త నిబంధనలకు మార్చి, మళ్లీ అనుమతి పత్రాలు తెచ్చుకోవడం చిన్న దిగుమతిదారుకు తలకు మించిన భారం. ఇలాంటి గడువు తేదీలే అరుదైన బ్రాండ్ల పాలిట గండాలు. మన రోడ్ల కన్నా మన గెజిట్లు ఎక్కువ బండ్లను ఆపేశాయని నాకనిపిస్తుంది.

పెద్దవాళ్లకు ఇది పట్టదా అంటే పడుతుంది. హార్లే-డేవిడ్‌సన్ 2020 సెప్టెంబరులో ఇక్కడి ఫ్యాక్టరీ మూసేస్తున్నట్టు ప్రకటించింది. తర్వాతి నెలలోనే హీరో మోటోకార్ప్‌తో ఒప్పందం కుదిరింది. కేటీఎం 2024 నవంబరులో ఆస్ట్రియాలో దివాలా ప్రక్రియకు వెళ్లింది, బజాజ్ డబ్బుతో గట్టెక్కింది. తేడా ఎక్కడంటే, పెద్ద పేరు పడిపోతే ఎత్తుకోవడానికి ఎవరో ఒకరు వస్తారు, వెనక లక్షల బండ్లున్నాయి గనక. చిన్న పేరు పడిపోతే రావచ్చు, రాకపోవచ్చు. ఇంగ్లండులో నార్టన్ 2018లో అట్లాస్ పేరుతో 650 సీసీ బండ్లు చూపించి ఆశలు రేపింది. 2020 జనవరిలో కంపెనీ దివాలా తీసింది. ఏప్రిల్‌లో టీవీఎస్ వచ్చి 1.6 కోట్ల పౌండ్లకు కొన్నది కాబట్టి ఆ పేరు బతికింది.

బెనెల్లి విషయంలో ఎత్తుకున్నవాళ్లు మన హైదరాబాద్‌వాళ్లే. మహావీర్ గ్రూపుకు చెందిన ఆదీశ్వర్ ఆటో రైడ్ ఇండియా 2018లో బెనెల్లిని తీసుకుని, పోచంపల్లి దగ్గర బండ్లు బిగించే ఏర్పాటు చేసుకుంది. 2022లో మోటో మోరిని, జోంటెస్ బ్రాండ్లను కూడా తెచ్చింది. మన దేశంలో అరుదైన మోటార్‌సైకిళ్ల వ్యాపారానికి అలా హైదరాబాద్ ఒక కేంద్రమైంది. తెలుగువాళ్లకు ఇది చిన్న లాభం కాదు. గౌహతిలో ఎక్స్-కేప్ కొన్నవాడికి దూరంగా ఉన్న గోడౌను మనకు ఊరి పొలిమేరలో ఉంది. అదే సమయంలో ఈ బ్రాండ్లన్నీ ఒకే బుట్టలో ఉన్నాయన్న మాట కూడా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు బండ్ల దగ్గరికి వద్దాం.

బెనెల్లి టీఆర్‌కే 502 ఈ జాబితాలో పెద్దన్న. 2019 ఫిబ్రవరిలో 5 లక్షలకు, దాని స్పోకు చక్రాల రూపం 502ఎక్స్ 5.40 లక్షలకు వచ్చాయి. బీఎస్6 తర్వాత 2021లో 4.80 లక్షలకు దిగి మళ్లీ వచ్చింది. గండం దాటిన అరుదైన బండ్లలో ఇదొకటి. బెనెల్లి 1911లో పెసరోలో పుట్టిన కంపెనీయే అయినా, 2005 నుంచి చైనాకు చెందిన చియాన్‌జియాంగ్ సొత్తు. ఇటాలియన్ పేరుతో చైనా సరుకు అని మనవాళ్లు పెదవి విరిచే ఈ బండే 2020, 2021ల్లో ఇటలీలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన మోటార్‌సైకిల్. అక్కడ వేల సంఖ్యలో తిరుగుతోంది కాబట్టి సామాన్ల తయారీ ఇప్పట్లో ఆగదు. నా దృష్టిలో దాని అసలు బలం ఇది, 500 సీసీ ఇంజన్ మృదుత్వం తర్వాతి సంగతి.

బలహీనత బరువు. 235 కిలోలు. 47.5 హార్స్‌పవర్‌ను దీంతో భాగిస్తే కిలోకు 0.20 వస్తుంది. హిమాలయన్ 450కి లెక్కేసినా అంతే వస్తుంది. రెండో సిలిండర్ కోసం పెట్టిన అదనపు డబ్బంతా అదనపు ఇనుమును లాగడానికే సరిపోతోందన్నమాట. హైదరాబాద్ నుంచి నాగపూర్ దాకా నాలుగు వరుసల రోడ్డు మీద ఈ బరువు వరమే, పక్కనుంచి లారీ దూసుకెళ్లినా బండి చలించదు. మారేడుమిల్లి లోపల వాన పడ్డ ఎర్రమట్టి దారిలో పడేస్తే మాత్రం ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒంటరిగా అడవుల్లోకి వెళ్లేవాడికి నేను దీన్ని చెప్పను. భార్యాభర్తలిద్దరూ పెట్టెలు కట్టుకుని దూరాలు తిరగడానికైతే ఈ ధరలో దీన్ని మించింది వెతకడం కష్టం. 20 లీటర్ల ట్యాంకు ఉంది, లేహ్ దారిలో తాండి బంకు దాటాక కూడా గుండె నిబ్బరంగా ఉంటుంది.

ఎక్స్-కేప్ 2022 చివర్లో 7.20 లక్షలతో మొదలైంది. ముందు మార్జోకి ఫోర్కులు, వెనక కయాబా షాకు, బ్రెంబో బ్రేకులు, బాష్ ఏబీఎస్. ఈ పేర్లు చూసి మురిసిపోవడం మామూలే గానీ, వీటి విలువ ఆడంబరంలో లేదు. పేరున్న సరఫరాదారు సామాను అయితే బ్రేకు ప్యాడ్లు, ఫోర్కు సీళ్లు కంపెనీ కౌంటర్‌తో పనిలేకుండా బయట సంపాదించుకోవచ్చు. దాదాపు 60 హార్స్‌పవర్, హైవే మీద టీఆర్‌కేకి లేని ఊపు. బరువు ఇదీ తక్కువేం కాదు, పెట్రోలు, ఆయిలు లేకుండానే 213 కిలోలు. రోడ్డు మీద తిరుగుతున్నవి తక్కువ కాబట్టి తీసుకొచ్చినవాళ్ల ఓపిక మీదే భారం వేయాలి. మనసుకు ఎక్కువ నచ్చేది ఇదే, బుద్ధి మాత్రం టీఆర్‌కే వైపు లాగుతుంది.

మన దేశపు చిన్న కంపెనీ కావాలంటే యెజ్డీ అడ్వెంచర్ ఉంది. 334 సీసీ, 2022లో వచ్చింది, వెనక మహీంద్రా అండ ఉంది. మధ్యతరహా అనడానికి కాస్త చిన్నదే. దాని వైపు ఒక బలమైన కారణం 2025 సెప్టెంబరు 22న పుట్టింది. 350 సీసీ లోపు బండ్లకు జీఎస్‌టీ 18 శాతానికి తగ్గింది, ఆ పైవాటికి సెస్సుతో కలిపి 31గా ఉన్నది 40 శాతమైంది. మనం మాట్లాడుకుంటున్న మిగతా బండ్లన్నీ గీతకు అవతలే పడ్డాయి. దాంతో పాత ధరల పట్టికలు, పాత పోలికలు పనికిరావు, ఆన్‌రోడ్ ధర కొత్తగా రాయించుకోవాల్సిందే.

అమెరికాలో, ఐరోపాలో ఉన్న మనవాళ్ల ముందు ఇంకా పెద్ద దుకాణం ఉంది. సీఎఫ్‌మోటో 450ఎంటీ, అమెరికాలో ఐబెక్స్ 450 పేరుతో, 449 సీసీ రెండు సిలిండర్ల చిన్న బండి. ఇంత తేలిక బండికి రెండు సిలిండర్లు ఇచ్చినవాళ్లు అరుదు. కోవే 450 ర్యాలీ 2023 డకార్‌లో మూడు బండ్లు దింపి మూడింటినీ చివరిదాకా చేర్చింది. ఘనతే, కాదనలేం. కానీ డకార్‌లో రాత్రంతా మెకానిక్కులు బండిని విప్పి బిగిస్తారు. అక్కడ నిలబడ్డ బండి మీ గ్యారేజీలో అయిదేళ్లు నిలబడుతుందనడానికి అది రుజువు కాదు.

షోరూముకు వెళ్లినప్పుడు సేల్స్ కుర్రాడితో గడిపే సమయంలో సగం స్పేర్ల కౌంటర్ దగ్గర గడపమంటాను. క్లచ్ కేబుల్, బ్రేకు లివరు, ఎయిర్ ఫిల్టరు, రేడియేటర్ ఫ్యాను, ఫ్యూయల్ పంపు, కుడివైపు ఇంజన్ కవరు. వీటిలో ఎన్ని ఈరోజు బిల్లు కొట్టి ఇవ్వగలరో అడగండి. "తెప్పిస్తాం సార్" అంటే, పోయిన నెల తెప్పించినదాని తేదీ చూపించమనండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ఏ రివ్యూ కన్నా ఎక్కువ చెబుతుంది. తర్వాత వెనకవైపు సర్వీసు షెడ్డులోకి వెళ్లి, ఏ బండ్లు ఎప్పటినుంచి నిలబడి ఉన్నాయో చూడండి. ట్యాంకు మీద దుమ్ము ఎంత మందంగా ఉందో కళ్లకే తెలుస్తుంది.

కొన్ని సామాన్ల గురించి దిగులక్కర్లేదు. చక్రాల బేరింగుల మీద 6204 లాంటి నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరు చెబితే రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఏ బేరింగుల షాపువాడైనా ఇస్తాడు. చెయిన్, స్పార్క్ ప్లగ్గు, బ్యాటరీ, టైర్లు కూడా అంతే. ప్రత్యామ్నాయం లేనివి వేరు: ఈసీయూ, వైరింగ్ హార్నెస్, టీఎఫ్‌టీ మీటరు, తాళంలోని ఇమ్మొబిలైజర్, ప్లాస్టిక్ ప్యానెళ్లు. బండి మీద ఎలక్ట్రానిక్ హంగులు పెరిగే కొద్దీ ఈ రెండో జాబితా పొడవవుతుంది. పెద్ద రంగుల తెర అరుదైన బండికి అలంకారంగా నాకెప్పుడూ కనిపించలేదు.

కొత్త మోడల్ మొదటి ఏడాది కొనకుండా ఉండటం అన్ని బండ్లకూ మంచిదే, వీటికి మరీను. రెండో మూడో ఏటికి తొలి జబ్బులు తెలుస్తాయి, దిగుమతిదారు నిలబడ్డాడో లేదో కూడా తెలుస్తుంది. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు సొంత ఊళ్లో ఆ బ్రాండు షెడ్డుకు క్యాష్‌లెస్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. చిన్న పడిపోవడానికే ప్యానెళ్ల బిల్లు గుండెలదిరేలా ఉంటుంది. రీసేల్ సంగతి సరేసరి, అరుదైన బండికి కొనేవాళ్లూ అరుదే.

నేను ఎంచుకోవాల్సి వస్తే, హైదరాబాద్‌లో ఉంటే టీఆర్‌కే 502ఎక్స్ కొంటాను. విశాఖలోనో తిరుపతిలోనో ఉంటే, ఊళ్లో ఆ కంపెనీ సర్వీసు ఉందని కళ్లారా చూశాకే కొంటాను, లేకపోతే హిమాలయన్‌తో సరిపెట్టుకుంటాను. ఎక్స్-కేప్ రెండో బండిగా అయితేనే, ఇంట్లో రోజూ ఆఫీసుకు తీసుకెళ్లేది ఇంకోటి ఉన్నప్పుడే. సెకండ్ హ్యాండ్‌లో ఎప్పుడైనా ఎస్‌డబ్ల్యూఎం సూపర్‌డ్యుయల్ కనిపిస్తే ఆగి చూస్తాను, ఆ ఇంజన్ మీద నాకు గౌరవం ఉంది. కానీ అమ్మేవాడి దగ్గర అదనంగా ఫ్యూయల్ పంపు, క్లచ్ ప్లేట్ల సెట్టు, రెండు లివర్లు ఉంటే తప్ప ధర ఎంత దిగినా ముట్టుకోను. ఉంటే మాత్రం వాటిని కూడా బేరంలో కలిపి రాయించుకుంటాను.